ఇద్దరే చూసుకునే ఆసుపత్రి నెట్‌వర్క్‌కు ఆటోమేషన్‌తో భద్రత కుదురుతుందా?

నమస్కారం.

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. జిల్లా కేంద్రంలోని మీ ఆసుపత్రిలో సుమారు 130 కంప్యూటర్లు, ఐదు సర్వర్లు, నెట్‌వర్క్‌లోకి రాకపోకలను కట్టడి చేసే ఒక ఫైర్‌వాల్ ఉన్నాయి. వాటన్నింటినీ మీరూ మరొక సహాయకుడూ మాత్రమే చూసుకుంటున్నారు. సైబర్ భద్రత కోసం ఏడాదికి మూడు లక్షల రూపాయలకు మించి ఇవ్వలేమని యాజమాన్యం తేల్చి చెప్పింది. ఆ డబ్బుతో ఒక విక్రేత చూపించిన ‘ఏఐ’ నిఘా పరికరాన్ని కొనాలా, లేక ఉచిత సాధనాలతో 24 గంటల నిఘాను మీరే ఆటోమేట్ చేసుకోవాలా అని అడిగారు.

ప్రస్తుతానికి రెండూ వద్దన్నది నా సమాధానం. నిఘాతో కాకుండా, రోజూ జరగవలసి ఉండీ జరగని మామూలు పనులతో ఆటోమేషన్ మొదలుపెట్టండి. నెట్‌వర్క్‌లో ఏ యంత్రాలు ఉన్నాయో తెలుసుకోవడం, సాఫ్ట్‌వేర్ లోపాలను సరిచేసే ప్యాచ్‌లు వేయడం, వెళ్ళిపోయినవారి ఖాతాలు తీసివేయడం, బ్యాకప్ తీసి దాన్ని తిరిగి తెరిచి చూడడం, అన్నిటి తరువాత చాలా కొద్ది అలర్టులు, ఈ వరుసలో సాగండి. వీటికి లైసెన్సుల ఖర్చు దాదాపు ఉండదు. ఒక పాత సర్వరు, మొదటి రెండు నెలలు వారానికి ఏడెనిమిది గంటల శ్రమ, ఆ తరువాత వారానికి ఒక గంట చాలు. అయితే ఒక షరతు ఉంది. మీరు రాసే ప్రతి స్క్రిప్టూ (పనిని తనంతట తాను చేసే చిన్న ప్రోగ్రామ్), తాను పని చేయడం మానేసిన రోజున ఆ సంగతి మీకు తెలిసేలా ఉండాలి. ఆటోమేషన్ లేకపోవడం వల్ల నేను పడిన ఇబ్బందుల కన్నా, ఈ షరతును పట్టించుకోకుండా చేసిన ఆటోమేషన్ వల్ల పడిన ఇబ్బందులే ఎక్కువ కాబట్టి, దాని గురించి కింద కాస్త విస్తారంగా రాస్తున్నాను.

నేను 17 ఏళ్ళుగా సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ పని చేస్తున్నాను. మొదట ఒక ఇంజనీరింగ్ కళాశాలలో, ఆ తరువాత చిన్న కంపెనీలలో పనిచేశాను. గత కొన్నేళ్ళుగా రెండు ఆసుపత్రుల నెట్‌వర్క్‌లు కూడా చూస్తున్నాను. ఎక్కడా ముగ్గురికి మించిన బృందం నాకు లేదు. కింద చెప్పే పొరపాట్లలో చాలా భాగం నావే.

నిఘాతో ఎందుకు మొదలుపెట్టకూడదో ముందు చెప్పాలి. 2019లో 90 కంప్యూటర్లున్న ఒక చోట వజూ అనే ఉచిత నిఘా సాధనాన్ని పెట్టాను. అది మంచి సాధనమే; ఇప్పటికీ వాడుతున్నాను. అందులో సంఘటనల తీవ్రతకు 0 నుంచి 15 వరకు స్థాయిలు ఉంటాయి. మామూలుగా 12, ఆపై స్థాయి ఉన్నవాటికే మెయిల్ వస్తుంది. ఏదీ తప్పిపోకూడదన్న ఉత్సాహంతో నేను దాన్ని 5కు దించాను. మరుసటి రోజు నుంచి వందల మెయిళ్ళు రావడం మొదలైంది. నాలుగో రోజున నా సహోద్యోగి ఆ మెయిళ్ళన్నీ నేరుగా ఒక ఫోల్డరులోకి వెళ్ళేలా ఏర్పాటు చేసుకున్నాడు; నిజం చెప్పాలంటే, అతనికన్నా ముందే నేనూ ఆ పని చేశాను. మూడు వారాల తరువాత ఒక శుక్రవారం రాత్రి సర్వరులో ఎవరో కొత్త అడ్మిన్ ఖాతా సృష్టించారు. దాని హెచ్చరిక సరిగ్గానే వచ్చి, ఆ ఫోల్డరులో పడి, సోమవారం మధ్యాహ్నం దాకా అక్కడే ఉంది. చివరికి అది సాఫ్ట్‌వేర్ విక్రేత మనిషి మాతో చెప్పకుండా చేసుకున్న ఖాతా అని తేలింది. దొంగ కాకపోవడం మా అదృష్టమే గాని మా గొప్పతనం కాదు.

అప్పటి నుంచి నేను లెక్కను తలకిందులు చేసి వేస్తున్నాను. ఒక అలర్టును నిజాయితీగా పరిశీలించాలంటే కనీసం పది నిమిషాలు పడుతుంది. ప్రింటరు పని చేయడం లేదని, బిల్లింగ్ ఆగిపోయిందని రోజంతా ఫోన్లు అందుకునే ఇద్దరు మనుషులు రోజుకు ఐదారు అలర్టులకు మించి చూడలేరు. కాబట్టి సాధనం ఎన్ని అలర్టులు ఇవ్వగలదన్నది పక్కన పెట్టి, ఆ ఐదారు ఏవి కావాలో మనమే నిర్ణయించుకోవాలి.

పైగా ఆసుపత్రులను దెబ్బతీసిన పెద్ద సంఘటనలలో లోపించినది తెలివైన పరికరం కాదు. ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ విషయమే చూడండి. అది వాడుకున్న విండోస్ లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14న ప్యాచ్ ఇచ్చింది. దాడి మే 12న మొదలైంది. మధ్యలో దాదాపు రెండు నెలల గడువు ఉంది. అయినా ఇంగ్లండ్‌లోని ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ ట్రస్టులలో కనీసం 34 శాతం సంస్థల సేవలకు అంతరాయం కలిగిందని అక్కడి జాతీయ ఆడిట్ కార్యాలయం తేల్చింది. మన దగ్గర 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్‌పై జరిగిన దాడిలో ఐదు సర్వర్లలోని దాదాపు 1.3 టెరాబైట్ల సమాచారం ఎన్‌క్రిప్ట్ అయిందని (చదవడానికి వీల్లేకుండా మారిందని), నెట్‌వర్క్‌ను సరిగా విభజించకపోవడం అందుకు కారణమని ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. వేయని ప్యాచ్, విడదీయని నెట్‌వర్క్: రెండూ పాఠ్యపుస్తకంలో మొదటి అధ్యాయాలే.

ఇక పనుల వరుసకు వస్తాను.

మొదటిది, యంత్రాల జాబితా. రాత్రి రెండు గంటలకు ఎన్‌మ్యాప్ అనే స్కానింగ్ సాధనంతో నెట్‌వర్క్‌నంతా ఒకసారి చూసి, నిన్నటి జాబితాతో పోల్చి, తేడాలను మాత్రమే పంపే స్క్రిప్టు నలభై వరుసలకు మించదు. దానికి, యంత్రాలకు నెట్‌వర్క్ చిరునామాలు ఇచ్చే డీహెచ్‌సీపీ సర్వరులోని లీజుల (ఇచ్చిన చిరునామాల) జాబితాను కూడా జత చేస్తే ఫలితం ఇంకా నమ్మకంగా ఉంటుంది. మొదటిసారి నడిపినప్పుడు వచ్చేది చూసి మీరు ఆశ్చర్యపోవచ్చు. నేను చూస్తున్న ఒక ఆసుపత్రిలో ఒక వైద్యుడు తన గదిలో సొంతంగా పెట్టుకున్న వైఫై రౌటరు, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ కూడా మార్చని సీసీ కెమెరాల రికార్డరు, ఎవరూ వాడని రెండు పాత బయోమెట్రిక్ హాజరు యంత్రాలు బయటపడ్డాయి. అయితే ఆసుపత్రిలో ఒక జాగ్రత్త తప్పదు. ప్రయోగశాలలోని అనలైజర్లు, సీటీ, ఎక్స్‌రే యంత్రాలకు అనుబంధంగా ఉండే పాత కంప్యూటర్లు లోతైన స్కానింగ్‌ను తట్టుకోలేక స్తంభించిపోయే అవకాశం ఉంది. అవి ఉన్న భాగంలో యంత్రం ఉందా లేదా అని మాత్రమే అడగండి. ఏ పోర్టులు (నెట్‌వర్క్ ద్వారాలు) తెరిచి ఉన్నాయి, ఏ వెర్షన్ నడుస్తోంది అని అడగవద్దు. ఆ యంత్రాలను ప్యాచ్ చేయడానికి తయారీదారులు సాధారణంగా ఒప్పుకోరు కాబట్టి వాటికి ప్రత్యేక వీల్యాన్ (విడదీసిన నెట్‌వర్క్ భాగం) ఏర్పాటు చేసి, ఏ సర్వరుతో మాట్లాడాలో దానితో తప్ప మరి దేనితోనూ మాట్లాడకుండా ఫైర్‌వాల్‌లో కట్టడి చేయాలి. ఇది ఒక్కసారి చేతితో చేసే పని. దీనికి ఆటోమేషన్ అక్కర్లేదు.

రెండవది, ప్యాచ్‌లు. ఉబుంటు, డెబియన్ అనే లినక్స్ సర్వర్లలో భద్రతా ప్యాచ్‌లను వాటంతట అవే వేసుకునే ఏర్పాటు ఉంది. కానీ చాలామంది గమనించని విషయం ఏమిటంటే, ఆ ఏర్పాటు తనంతట తాను సర్వరును రీబూట్ చేయదు. కొత్త కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం) డిస్కులో ఉంటుంది, పాతదే నడుస్తూ ఉంటుంది, నివేదికలో మాత్రం అన్నీ తాజాగా ఉన్నట్టు కనిపిస్తాయి. రీబూట్ అవసరమని సూచించే చిన్న ఫైలు ఒకటి ఆ సర్వర్లలో తయారవుతుంది. అది ఏడు రోజులకు మించి అక్కడే ఉంటే మీకు సందేశం వచ్చేలా పెట్టుకోండి. రీబూట్‌ను మాత్రం మీ చేతులతోనే, వార్డులకు ముందే చెప్పి, తెల్లవారుజామున చేయండి.

విండోస్ కంప్యూటర్ల విషయంలో అన్నింటికీ ఒకే రోజున ప్యాచ్ పంపవద్దు. ప్రతి నెలా రెండో మంగళవారం ప్యాచ్‌లు విడుదలవుతాయి. ముందు మీవి, అకౌంట్స్ విభాగానివి కలిపి పది కంప్యూటర్లకు వెంటనే, మిగిలిన కార్యాలయ కంప్యూటర్లకు వారం తరువాత, బిల్లింగ్, ఫార్మసీ కౌంటర్లకు పది రోజుల తరువాత వెళ్ళేలా గ్రూప్ పాలసీలో (కంప్యూటర్లకు ఒకే చోట నుంచి నియమాలు పెట్టే విండోస్ సదుపాయంలో) వాయిదా పెట్టవచ్చు. ఇందుకు విడిగా, ప్యాచ్‌లు పంచే డబ్ల్యూసస్ సర్వరు పెట్టుకోవాలని ఎవరైనా సలహా ఇస్తే, దానిలో ఇకపై కొత్త సదుపాయాలు చేర్చబోమని మైక్రోసాఫ్ట్ 2024లోనే ప్రకటించిందని గుర్తుంచుకోండి. దశలవారీ ఎందుకన్న సందేహం ఉంటే 2024 జులై 19ని తలచుకోండి. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక్క లోపభూయిష్టమైన అప్‌డేట్‌తో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఒకేసారి నీలి తెరతో నిలిచిపోయాయి. అది దాడి కాదు; భద్రత కోసమే చేసిన ఆటోమేషన్. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి, మీ 130లో అవి ఎన్ని ఉన్నాయో పై జాబితాలోనే తేలాలి. నా అంచనాలో మీ మూడు లక్షలలో కొంత అక్కడికే పోతుంది.

లోపాలన్నింటినీ వెంబడించడం ఇద్దరి వల్ల కాదు. ఏటా బయటపడేవి పదుల వేలల్లో ఉంటాయి. అమెరికా ప్రభుత్వ సంస్థ సీసా 2021 నవంబరు నుంచి, దాడులలో నిజంగా వాడుతున్నట్టు రుజువైన లోపాల జాబితాను ఉచితంగా ప్రచురిస్తోంది. దానికి ఏడాదికి చేరేవి వందల్లోనే ఉంటాయి. యంత్రం చదువుకోగల రూపంలో ఉన్న ఆ జాబితాను రోజూ ఉదయం తెచ్చుకుని, మీ ఆసుపత్రిలో వాడే సాఫ్ట్‌వేర్ల పేర్లతో పోల్చి, సరిపోలినప్పుడు మాత్రమే మెయిల్ పంపే స్క్రిప్టు రాసుకోండి. నాకు నెలకు రెండు మూడు మెయిళ్ళు వస్తాయి. ఆ రెండు మూడింటినీ ఆ వారంలోనే పరిష్కరిస్తాను. నేను రాసిన స్క్రిప్టులలో శ్రమకు తగిన ఫలితం అన్నిటికన్నా ఎక్కువగా ఇచ్చింది ఇదే.

మూడవది, ఖాతాలు. హెచ్‌ఆర్ విభాగం ప్రతి నెలా జీతాల కోసం తయారుచేసే ఎక్సెల్ షీటును అడిగి తీసుకుని, డొమైన్‌లోని (కంప్యూటర్లన్నింటి లాగిన్‌లను ఒకే చోట నిర్వహించే వ్యవస్థలోని) ఖాతాలతో పోల్చండి. జీతం లేని పేరుకు ఖాతా ఎందుకు ఉండాలన్నదే ఇక్కడ ప్రశ్న. ఇలా మొదటిసారి పోల్చినప్పుడు, రెండేళ్ళ క్రితం మానేసిన ఉద్యోగి వీపీఎన్ ఖాతా (బయటి నుంచి నెట్‌వర్క్‌లోకి వచ్చే దారి), ఒప్పందం ముగిసిపోయిన ఒక విక్రేత రిమోట్ డెస్క్‌టాప్ ఖాతా మాకు కనిపించాయి. ఇక్కడ స్క్రిప్టుకు జాబితా తయారుచేసే అధికారం మాత్రమే ఇచ్చాను, ఖాతాను నిలిపివేసే అధికారం ఇవ్వలేదు. ప్రసూతి సెలవులో ఉన్న వైద్యురాలి పేరు, గౌరవ వేతనంపై వారానికి రెండు రోజులు వచ్చే నిపుణుల పేర్లు ఆ ఎక్సెల్ షీటులో ఉండవు. ఆపరేషన్ ఉన్న రోజున వారు లోపలికి ప్రవేశించలేకపోతే, తప్పు స్క్రిప్టుదని ఎవరూ ఒప్పుకోరు.

దీనికి తోడు రెండు పనులున్నాయి. అన్ని కంప్యూటర్లలోనూ ఒకే లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఉండడం మన దగ్గర సర్వసాధారణం. ఒక యంత్రం పోతే మిగిలినవన్నీ పోవడానికి ఇదే దారి. 2023 ఏప్రిల్ నుంచి విండోస్‌లోనే భాగమైన ల్యాప్స్ అనే సదుపాయం ఆ పాస్‌వర్డ్‌ను ప్రతి యంత్రానికీ వేరువేరుగా పెట్టి, నిర్ణీత కాలానికి తనే మార్చుతూ ఉంటుంది. రెండవది విక్రేతల రిమోట్ ప్రవేశం. సాఫ్ట్‌వేర్ కంపెనీ మనిషి కోసం పోర్టును శాశ్వతంగా తెరిచి ఉంచకుండా, అడిగినప్పుడు మీరు నాలుగు గంటలకు తెరిస్తే, ఆ తరువాత దానంతట అదే మూసుకుపోయేలా ఫైర్‌వాల్‌లో ఏర్పాటు చేయండి. తెరవడం మనిషి పని, మూయడం యంత్రం పని. ఎందుకంటే మనం మరచిపోయేది ఎప్పుడూ మూయడమే. మెయిల్‌కు, వీపీఎన్‌కు పాస్‌వర్డ్‌తో పాటు రెండో ధృవీకరణ పెట్టమని మీకు చెప్పనవసరం లేదనుకుంటాను.

నాలుగవది, బ్యాకప్. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

చాలా ఏళ్ళ క్రితం ఒక కంపెనీలో డేటాబేస్ బ్యాకప్ కోసం స్క్రిప్టు రాశాను. ప్రతి రాత్రీ డేటాను బయటకు తీసి, కుదించి, తేదీతో సహా ఒక ఫోల్డరులో పెట్టేది. ప్రతి ఉదయం ‘బ్యాకప్ విజయవంతం’ అని మెయిల్ వచ్చేది. కొన్నాళ్ళకు ఎవరో డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చారు. అప్పటి నుంచి డేటా బయటకు రావడం ఆగిపోయింది. కానీ కుదించే ప్రోగ్రామ్ మాత్రం తన పనిని తాను శ్రద్ధగా చేస్తూ, వచ్చిన శూన్యాన్నే కుదించి ఒక ఫైలు తయారుచేసి, అంతా బాగానే జరిగిందని జవాబిచ్చేది. షెల్ స్క్రిప్టులో పైపుతో (ఒక ఆజ్ఞ ఫలితాన్ని తరువాతి ఆజ్ఞకు అందించే గుర్తుతో) కలిపిన ఆజ్ఞలలో చివరిది నెగ్గితే మొత్తం నెగ్గినట్టే లెక్క. పైప్‌ఫెయిల్ అన్న అమరిక పెడితేనే మధ్యలో వచ్చిన లోపం బయటికి తెలుస్తుంది. నాకు అప్పుడు ఆ సంగతి తెలియదు. నాలుగు నెలల తరువాత ఒక టేబుల్‌ను తిరిగి తేవలసి వచ్చినప్పుడు ఫోల్డరు తెరిచి చూస్తే, నాలుగు నెలల ఫైళ్ళూ ఒక్కొక్కటి 20 బైట్లు. శూన్యాన్ని జీజిప్‌తో కుదిస్తే సరిగ్గా అంతే వస్తుంది. ఆ సంఖ్య నాకు జీవితంలో మరపు రాదు. ఆ టేబుల్‌లోని వివరాలను కాగితపు బిల్లుల నుంచి ఇద్దరు క్లర్కులు పన్నెండు రోజుల పాటు మళ్ళీ ఎక్కించారు.

పెద్దవారికీ ఇది తప్పలేదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్‌ను చెరిపేసినప్పుడు, రోజువారీ బ్యాకప్‌లు వెర్షన్ తేడా వల్ల చాలాకాలంగా విఫలమవుతున్నాయని, ఆ వైఫల్యాన్ని తెలపవలసిన మెయిళ్ళు నకిలీ మెయిళ్ళను అడ్డుకునే డీమార్క్ నిబంధన వల్ల తిరస్కరణకు గురవుతున్నాయని అప్పుడే తెలిసింది. అదృష్టవశాత్తు వేరే పని కోసం తీసి ఉంచిన ఒక నకలుతో బయటపడ్డారు, అయినా దాదాపు ఆరు గంటల సమాచారం పోయింది. వారు ఈ విషయాలన్నీ దాచుకోకుండా ప్రకటించడం వల్లే మనకు ఇంత వివరంగా తెలిసింది.

అందుకే నేను ఇప్పుడు మూడు నియమాలు పాటిస్తున్నాను. విఫలమైతే మెయిల్ పంపమని స్క్రిప్టుకు చెప్పను. నెగ్గితేనే వేరే యంత్రానికి ఒక సంకేతం పంపమంటాను, ఆ సంకేతం సమయానికి రాకపోతే ఆ యంత్రమే నాకు ఫోన్ చేస్తుంది. విఫలమైనవాడు తాను విఫలమయ్యానని చెప్పగలడన్న నమ్మకం మీద ఏదీ కట్టకూడదు. సర్వరే ఆగిపోతే మెయిల్ ఎవరు పంపుతారు? హెల్త్‌చెక్స్ అనే ఉచిత సాధనం సరిగ్గా ఈ పనే చేస్తుంది. సొంత సర్వరులోనూ పెట్టుకోవచ్చు. రెండో నియమం: ప్రతి ఆదివారం తాజా బ్యాకప్‌ను ఒక వేరే వర్చువల్ మెషీన్‌లో (సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన కంప్యూటరులో) తిరిగి తెరిచి, రోగుల పట్టికలో ఎన్ని వరుసలున్నాయి, చివరి బిల్లు తేదీ ఏమిటి అన్న రెండు ప్రశ్నలు వేసి, జవాబులను అసలు సర్వరుతో పోల్చుతుంది స్క్రిప్టు. ఆ వర్చువల్ మెషీన్‌కు ఇంటర్నెట్ ఉండకూడదు, పోల్చిన వెంటనే అందులోని డేటాను చెరిపేయాలి; అవి రోగుల వివరాలు. మూడో నియమం: బ్యాకప్ సర్వరును డొమైన్‌లో చేర్చను. అసలు సర్వరు నుంచి బ్యాకప్‌కు కొత్తవి చేర్చడానికే అనుమతి ఉంటుంది, పాతవి చెరపడానికి ఉండదు. రెస్టిక్ వంటి ఉచిత సాధనాలతో ఇది చేయవచ్చు. వీటన్నిటితో పాటు వారానికి ఒకసారి ఒక డిస్కును తీసి బీరువాలో పెట్టడం అనే పాత పద్ధతి ఉంది. దాన్ని ఆటోమేట్ చేయలేం, చేయకూడదు కూడా.

ఐదవది, అలర్టులు. పై నాలుగూ కుదురుకున్న తరువాత వజూ పెట్టుకోండి. లాగ్‌లను (యంత్రాలు రాసుకునే సంఘటనల చిట్టాలను) అన్ని కంప్యూటర్ల నుంచీ కాకుండా డొమైన్ కంట్రోలరు, ఫైర్‌వాల్, వీపీఎన్, ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ సర్వరు, బ్యాకప్ సర్వరుల నుంచి మాత్రమే తెచ్చుకోండి. నా ఫోన్‌కు నేరుగా వచ్చేవి ఇవి: కొత్త ఖాతా పుట్టడం, అడ్మిన్ సమూహంలో ఎవరైనా చేరడం (విండోస్ లాగ్‌లో 4720, 4728, 4732 సంఖ్యలు), సెక్యూరిటీ లాగ్‌ను ఎవరైనా చెరపడం (1102), సర్వరులో యాంటీవైరస్ ఆగిపోవడం, వీపీఎన్‌లోకి విదేశం నుంచి ప్రవేశం, పైన చెప్పిన సంకేతాలు రాకపోవడం. వీటికి తోడు ఎర ఫైలు ఒకటి. ఫైల్ సర్వరులో అక్షర క్రమంలో మొదట వచ్చే పేరుతో ఒక ఫోల్డరు పెట్టి, అందులో ఎవరికీ అవసరం లేని రెండు మూడు ఫైళ్ళు ఉంచండి. ఆ ఫైళ్ళను ఎవరు మార్చినా ఉత్తపుణ్యానికి మార్చరు. ర్యాన్సమ్‌వేర్ ఫోల్డర్ల మీద వరుసగా పడినప్పుడు అక్కడే ముందుగా దొరికిపోయే అవకాశం ఎక్కువ. పైసా ఖర్చు లేని ఈ ఏర్పాటు వల్ల నాకు ఇంతవరకు వచ్చిన తప్పుడు అలర్టు ఒక్కటే. కొత్తగా చేరిన అమ్మాయి ఏముందోనని తెరిచి, ఒక పేరు సరిచేసి భద్రపరిచింది.

మిగిలినవన్నీ సోమవారం ఉదయం ఒకే నివేదికగా వస్తాయి. టీ తాగుతూ చదువుతాను.

ఇక ఆటోమేషన్ తనంతట తాను ఎదురుచర్య తీసుకోవడం గురించి. విక్రేత మీకు ఎక్కువగా ఊరించి చూపించేది దీన్నే. ఫెయిల్‌టుబ్యాన్ అనే సాధనంతో నేనూ మురిసిపోయాను. పదేపదే తప్పు పాస్‌వర్డ్ కొట్టిన చిరునామాను అది తాత్కాలికంగా అడ్డుకుంటుంది. మామూలుగా ఆ అడ్డు పది నిమిషాలే ఉంటుంది. నేను దాన్ని శాశ్వతం చేశాను. మా శాఖా కార్యాలయంలో ఒక గుమాస్తా మెయిల్ పాస్‌వర్డ్ మార్చుకుని, ఫోన్‌లో పాతదాన్ని అలాగే వదిలేశాడు. ఆ ఫోన్ నిమిషానికోసారి తప్పు పాస్‌వర్డ్‌తో తలుపు తట్టింది. ఆ శాఖలోని నలభై మందీ బయటికి ఒకే చిరునామాతో కనిపిస్తారు కాబట్టి నలభై మందికీ మెయిల్ ఆగిపోయింది. నెలాఖరు రోజు కావడంతో మిగతాది మీరు ఊహించుకోగలరు. అప్పటి నుంచి నా కొలమానం ఇది: ఎదురుచర్య పరిధి చిన్నదై, దానంతట అదే కొంతసేపటికి తొలగిపోయేదైతే యంత్రానికి ఇస్తాను; లేకపోతే యంత్రం నన్ను లేపుతుంది, నిర్ణయం నాది. ఆసుపత్రిలో ఇది ఇంకా ముఖ్యం. అనుమానం వచ్చిన కంప్యూటరును నెట్‌వర్క్ నుంచి విడదీయడం కార్యాలయ గదులలో సరే. ఐసీయూ, క్యాజువాలిటీ, ఫార్మసీ, ల్యాబ్, స్కాన్ చిత్రాల సర్వరు, ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ సర్వరులను ఆ నియమం నుంచి ముందే మినహాయించి, ఆ మినహాయింపుల జాబితాపై వైద్య పర్యవేక్షకుల సంతకం తీసుకోండి.

ఇంకొక ప్రమాదాన్ని చాలామంది చివరి దాకా గుర్తించరు. అన్ని యంత్రాల మీదా అధికారం ఉన్న ఆటోమేషన్ ఖాతాయే దొంగకు దొరికే అతి పెద్ద తాళంచెవి. 2021 జులైలో కసేయా అనే రిమోట్ నిర్వహణ సాఫ్ట్‌వేర్‌లోని లోపాన్ని వాడుకుని దాడిదారులు దాని ద్వారానే ర్యాన్సమ్‌వేర్‌ను పంచారు. స్వీడన్‌లో కూప్ దుకాణాలు వందల సంఖ్యలో మూతపడ్డాయి. మీ స్క్రిప్టులు నడిచే సర్వరులోకి మీరిద్దరు తప్ప ఎవరూ ప్రవేశించకూడదు, అదీ రెండో ధృవీకరణతోనే. జాబితా చదివే స్క్రిప్టుకు చదివే అధికారం మాత్రమే ఇవ్వండి. పాస్‌వర్డ్‌లను స్క్రిప్టు ఫైలులోనే రాసి, దాన్ని ఎవరికో మెయిల్ చేయడం వంటివి నేను నా కళ్ళతో చూశాను.

చట్టపరమైన బాధ్యతలలో కొన్నింటిని కూడా ఇందులోనే కలిపేయవచ్చు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, నిర్దేశించిన రకాల సంఘటనలను గుర్తించిన ఆరు గంటలలోపు తెలియజేయాలి, లాగ్‌లను 180 రోజులు ఉంచాలి, యంత్రాల గడియారాలను నిర్దిష్ట సమయ సర్వర్లతో సరిచేసి ఉంచాలి. గడియారాలు, లాగ్‌ల నిల్వ ఒకసారి అమరిస్తే నడిచిపోతాయి. ఆరు గంటలన్నదే కష్టం. ఆసుపత్రి పేరు, సంప్రదించవలసిన వ్యక్తి, నెట్‌వర్క్ వివరాలు ముందే నింపి ఉంచిన పత్రం ఒకటి సిద్ధంగా పెట్టుకోండి, అచ్చు వేసిన ప్రతి కూడా. దాడి జరిగిన రాత్రి ఫైల్ సర్వరు తెరుచుకోదు కదా. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 2023 ప్రకారం తగిన భద్రతా చర్యలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చన్న ఒక్క వాక్యం, యాజమాన్యంతో బడ్జెట్ గురించి మాట్లాడేటప్పుడు మీకు ఉపయోగపడుతుంది.

చివరిగా ఆ ‘ఏఐ’ పరికరం. అది పనికిరాదని నేను అనడం లేదు. విక్రేతను ఒక ప్రశ్న అడగండి: రాత్రి రెండు గంటలకు అది అలర్టు ఇస్తే ఎవరు చూస్తారు? ‘మీరే చూడాలి’ అంటే మీకు అది మరో మెయిల్ ఫోల్డరు అవుతుంది. ‘మా మనుషులు చూసి ఫోన్ చేస్తారు’ అంటే, ఆ మాటను ఒప్పందంలో గంటలతో సహా రాయించుకుని, ఐదు సర్వర్లకు మాత్రమే ఆ సేవ తీసుకోవడాన్ని రెండో ఏడాది ఆలోచించండి. 30 రోజులు ఉచితంగా పెట్టి చూపించమని అడిగి, వచ్చిన అలర్టులెన్ని, వాటిలో మీరు నిజంగా ఏదైనా చర్య తీసుకున్నవెన్ని అన్న రెండు సంఖ్యలను రాసుకోండి. మొదటి ఏడాది డబ్బును వీల్యాన్‌లు చేయగల స్విచ్‌లు, బ్యాకప్ డిస్కులు, పాత విండోస్ యంత్రాల మార్పు, మీ ఇద్దరి అడ్మిన్ ఖాతాలకు భద్రతా తాళాలు (లాగిన్‌కు వాడే చిన్న యూఎస్‌బీ పరికరాలు), ఈ వరుసలో ఖర్చు చేయడం మంచిదని నా అభిప్రాయం.

పై వాటిలో ఏదీ మొదలుపెట్టకముందే, రేపు ఉదయం మీ బ్యాకప్ ఫోల్డరు తెరిచి, గత 30 రోజుల ఫైళ్ళ పరిమాణాలను వరుసగా చూడండి. రోజురోజుకూ కాస్త పెరుగుతూ ఉండాలి. హఠాత్తుగా తగ్గినా, వరుసగా ఒకే సంఖ్య కనిపించినా మిగతా పనులన్నీ ఆపి ముందు దాని సంగతి చూసి, ఏం కనిపించిందో ఇక్కడ రాయండి.